కల్లంలో కలిసిపోయిన ఖండాలు

మొన్న ఆదివారం మా మిరప కల్లంలో నేను వెలగబెట్టిన ఘనకార్యం చెబుతాను, టీ చల్లారేలోపు అయిపోతుంది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఫర్లేదు. ఆసియాని, యూరప్‌ని ఒక్క ఊపులో కలిపేశాను. తర్వాత విడదీయలేక చచ్చాను.

మా అమ్మాయి మానస ఏడో తరగతి. వాళ్ళ స్కూల్లో ఓ ప్రోగ్రాం పెట్టారు. పిల్లా, ఇంట్లోవాళ్ళలో ఒకరూ కలిసి స్టేజీ ఎక్కి ఇంగ్లీషులో మాట్లాడాలి. పోయినేడాది తలనొప్పి వంకతో నేను ఎగ్గొట్టాను, పాపం అది ఒక్కతే నిలబడింది. ఈసారి చీటీ తీస్తే దానికి 'ఖండాలను కలిపే వంతెనలు' అని వచ్చింది. "ఈసారి వస్తావు కదమ్మా" అని అడిగింది. ఆ అడిగిన తీరుకి నా మనసు ఆగలేదు, వస్తానని మాటిచ్చేశాను. ఇచ్చిన దగ్గర్నుంచీ తిండి సయించలేదు. నేను చదివింది తెలుగు మీడియం, అదీ పది వరకే. స్టేజీ దాకా ఎందుకు, పేరంటంలో పాట పాడమంటేనే నేను వంటింట్లోకి జారుకుంటాను.

ఇక బట్టీ మొదలుపెట్టాను. పులుసు కలుపుతూ కాంటినెంట్, బట్టలు ఆరేస్తూ కేబుల్. పొద్దున నోటికొచ్చిన మాట సాయంత్రానికి ఉండేది కాదు. సోమవారం ప్రోగ్రాం అనగా ఆదివారం మధ్యాహ్నానికి కూడా స్ట్రెయిట్ అంటే ఏంటో, స్పాన్ అంటే ఏంటో నాకు అంతా కలగాపులగమే.

ఆ రోజు కల్లానికి కాపలా నేనే. మా ఆయన లారీ మాట్లాడటానికి వెళ్ళారు, మర్నాడు దాంతోనే వస్తానన్నారు. మా అత్తగారు అద్దంకిలో గృహప్రవేశానికి వెళ్తూ వెళ్తూ, కుప్పలు జాగ్రత్త అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. కల్లంలో రెండు కుప్పలున్నాయి. ఒకటి ఎర్రటి మంచి కాయ. రెండోది తాలు, అంటే రంగు పోయి పాలిపోయిన కాయ. మంచి సరుకులో తాలు కనపడిందంటే మిర్చి యార్డులో రేటు కొట్టేస్తారు. అందుకే ఆవిడ కూలీల పక్కనే కూర్చుని, కాయ కాయా చూసి ఏరించారు.

నా అవస్థ చూసి మానస, చదివితే నీకు ఎక్కట్లేదు, కట్టి చూపిస్తానంది. ఎర్రకుప్ప ఆసియా అట, తాలుకుప్ప యూరప్ అట. మధ్యలో సముద్రం కావాలి కదా, వానొస్తే కప్పడానికి పెట్టుకున్న నీలం టార్పాలిన్ పట్ట తెచ్చి పరిచాం. ఒడ్డుని ఆనకపోతే అది సముద్రం ఎలా అవుతుందని, పట్ట అంచుల్ని రెండు కుప్పల కిందికీ బాగా తోశాం. ఈ దిక్కుమాలిన సలహా నాదే. రెండు ఒడ్ల మధ్య సన్నటి సముద్రం స్ట్రెయిట్. ఇటుకలు పిల్లర్లు. వాటి మీద వెదురుబద్ద వంతెన, ఇటుకకీ ఇటుకకీ మధ్య ఎడం స్పాన్. పైన దండెం తాడు కేబుల్. నమ్ముతారో లేదో, కళ్ళతో చూసేసరికి అన్నీ బుర్రకెక్కాయి. నాకే గర్వంగా అనిపించింది. రేపు స్టేజీ మీద మానస పక్కన నిలబడతానని మొదటిసారి ధైర్యం వచ్చింది.

సరిగ్గా అప్పుడు ఉరిమింది.

మిరప పండించే ఇంట్లో ఉరుము వినపడితే ఇక ఆలోచన ఉండదండీ, చెయ్యి దానంతటదే పట్ట మీదికి పోతుంది. "పట్టుకోవే, కప్పేద్దాం" అని అరిచాను. నేనొక కొస, అదొక కొస పట్టుకుని బలమంతా పెట్టి లేపాం. పట్టతో పాటు రెండు కుప్పల అడుగులూ లేచాయి. ఇటు ఆసియా, అటు యూరప్ గలగలా వచ్చి సముద్రంలో పడ్డాయి. వానంటారా, నాలుగు చినుకులు రాల్చి ఎటో పోయింది.

తెల్లారితే లారీ, అంతకన్నా ముందు అత్తగారు. ఇద్దరం కూలబడి ఏరడం మొదలెట్టాం. వేళ్ళు మండుతున్నాయి, అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను, ఇక చూస్కోండి. ఆ కన్నీళ్ళలో తాలేదో మంచిదేదో కనపడదు. అంతలో ఆటో ఆగిన చప్పుడు. అత్తగారు వచ్చి నిలబడి, ఏంటిదని అడిగారు.

భయానికి నాకు తెలుగు రాలేదు. వారం నుంచి పట్టిన బట్టీ మాత్రం తడుముకోకుండా వచ్చేసింది. "ఏషియా అండ్ యూరప్ ఆర్ టూ కాంటినెంట్స్. ఎ నేరో స్ట్రెయిట్ సెపరేట్స్ దెమ్. ఎ లాంగ్ బ్రిడ్జ్ కనెక్ట్స్ దెమ్."

అత్తగారు మనవరాలి వైపు తిరిగారు. "ఏమంటుందే మీ అమ్మ?"

"రెండు ఖండాల మధ్య సన్నటి సముద్రం ఉందంట నానమ్మా. పెద్ద వంతెన వాటిని కలిపిందంట."

"కలిపింది వంతెన కాదు, మీ అమ్మ" అని కొంగు దోపుకుని ఆవిడా కూర్చున్నారు.

చీకటి పడేదాకా ముగ్గురం ఏరాం. మానస నా చేత మాటలు వల్లె వేయిస్తూనే ఉంది. అత్తగారు ఒక్కో కాయా తీస్తూ ఒక్కో మాటా తనూ అంటున్నారు, కాలక్షేపానికేమో అనుకున్నాను. తెల్లారి చూస్తే ఇంకా బోలెడు మిగిలింది. లారీ వచ్చేదీ పదింటికే, ప్రోగ్రామూ పదింటికే. అత్తగారు పట్టుచీర కట్టుకుని బయటికొచ్చి, కలిపినవాళ్ళే ఏరాలి, పిల్లతో నేను పోతానన్నారు. స్టేజీ తప్పినందుకు నేను సంతోషపడాలి కదా. ఏడుపొచ్చింది. ఈసారి కళ్ళు తుడుచుకోలేదు, మిరప వల్ల కాదు కాబట్టి.

మధ్యాహ్నం మానస ఎగురుకుంటూ వచ్చింది. నానమ్మ మైకు పట్టుకుని ఒక్క మాట తప్పకుండా చెప్పిందట. ఇంత బాగా ఎలా నేర్చుకున్నారని టీచరు గారు అడిగితే, మా కోడలు రెండు ఖండాల్నీ కలిపి పెట్టింది, విడదీస్తూ నేర్చుకున్నానని, ఉరుముతో సహా మొత్తం కథ మైకులోనే చెప్పిందట.

మర్నాడు సాయంత్రం మానసని తీసుకురావడానికి స్కూలు గేటు దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే తల్లులందరూ తలెత్తి మబ్బుందేమోనని చూస్తున్నారు.