ఎయిర్‌బ్యాగులు వచ్చిన ఏడు

మావయ్యకి క్యాలెండరుతో పనిలేదు. లోకంలో జరిగిన ప్రతి సంగతినీ ఒకే ఒక్క బుల్లి స్పోర్ట్స్ కారు మోడళ్ళతో లెక్కకట్టేవాడు. ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఎవరి ఉద్యోగం ఊడినా, ఆ ఏడాది ఆ కారుకి ఏం మారిందో ముందు చెప్పి, తరవాతే అసలు మాటలోకి వచ్చేవాడు.

"నువ్వు పుట్టింది గుండ్రటి దీపాలు పోయి కోల దీపాలు వచ్చిన ఏడు," అనేవాడు మేనకోడలితో.

"మరి మన పెళ్ళో?" అనేది అత్తయ్య లోపల్నించి.

"వెనకద్దానికి వైపర్ వచ్చిన ఏడే కదే!"

"అవునవును. నా కళ్ళు తుడవడానికి వచ్చుంటుంది."

ఆ కారు అమ్మే షోరూములో స్పేర్‌పార్ట్స్ కౌంటరు ఆయనది. పగిలిన దీపం ముక్క చేతిలో పెడితే ఏ ఏటిదో, ఏ రకానిదో చెప్పేసేవాడు. తమాషా ఏమిటంటే, ఆయనకి కారు నడపడం రాదు. ఎక్కి కూర్చుంటే నాలుగు మలుపులు తిరిగేసరికి కడుపులో దేవేది. "ప్రేమించినంత మాత్రాన ఎక్కి ఊరేగాలా ఏమిటి?" అని దబాయించేవాడు.

ఎవరైనా మోడల్ తప్పు చెప్తే మాత్రం ఒంటి మీద తేళ్ళు జెర్రులు పాకేవి. ఓసారి పళ్ళ డాక్టరు ఆయన నోట్లో దూది కుక్కి, పటకారు పట్టుకుని, మాటల్లో పెట్టడానికి "నా కారు కూడా అదేనండీ. నల్ల టాపు వచ్చిన ఏడాదిది, ఆరు గేర్లు" అన్నాడు. మావయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆఓ గేఉ ఆ ఏఉ లేఉ!" అని దూదితోనే అరిచాడు. డాక్టరు ఉన్నాయంటాడు, ఈయన లేవంటాడు. ఆ ఉక్రోషంలో డాక్టరు పక్క పన్ను పీకేశాడు. ఇంటికొచ్చాక అత్తయ్య నెత్తి బాదుకుంటే, "పన్ను పోతే పోయిందిలే, మోడల్ నిలబడింది" అన్నాడు బుగ్గ పట్టుకుని.

మేనకోడలికి ఎక్కాలకన్నా ముందు ఈ చదువు వచ్చింది. కావాలనే ఒక మోడల్ తప్పు చెప్పేవాడు. ఆ పిల్ల "తప్పు!" అని పట్టేస్తే పిప్పరమెంటు ఇచ్చేవాడు. పెద్దదై ఆఫీసులో చేరినా ఆ అలవాటు ఇద్దరికీ పోలేదు.

మేనకోడలి నాన్నకీ ఆ కారే ఉండేది. అందులోనే పోయాడు. వానలో, రోడ్డు పక్క దీపాల్లేకుండా ఆగి ఉన్న లారీకి గుద్దుకున్నాడు. మావయ్య వచ్చి, నలిగిన బండిని ఒకసారి చూసి, గోడకి చేరగిలపడ్డాడు. జీవితంలో మొదటిసారి ఏ మోడలో చెప్పలేదు.

పలకరించడానికి వచ్చిన పక్కింటి డ్రైవరు నోరు ఊరుకోక, "టాప్ మోడల్ అయ్యుంటే ఎయిర్‌బ్యాగులు ఉండేవమ్మా. గుద్దుకోగానే ఉబ్బి మనిషిని కాసేవి. బతికేవారు" అన్నాడు. మంచివాడే, కానీ ఆ మాట అమ్మకి, మావయ్య చెల్లెలికి, ముల్లులా దిగింది.

ఆ కారు ఎంచింది అమ్మే. టాప్ మోడల్ బూడిద రంగులోనూ తెలుపులోనూ ఉంది. ఎరుపు మాత్రం దాని కింది రకంలోనే వచ్చింది. "దీంట్లో ఇంకేవో ఎక్కువున్నాయట, ఇది తీసుకుందామా?" అని నాన్న బూడిద రంగు బండి చూపిస్తే, ఎరుపే కావాలని మొండికేసింది. సలహా చెప్పడానికి మావయ్య అప్పుడు ఊళ్ళో లేడు, పొరుగూరి బ్రాంచిలో ఉన్నాడు.

"రంగు కోసం మనిషిని చంపుకున్నాను," అనేది అమ్మ వచ్చినవాళ్ళందరితో. ఇంట్లో ఎర్రగా కనిపించినదల్లా తీసి పారేసింది. కర్టెన్లు పోయాయి, బకెట్టు పోయింది. మేనకోడలి పళ్ళు తోముకునే బ్రష్షు కూడా పోయింది. ముద్ద నోట పెట్టడం మానేసింది. కళ్ళ ముందే అమ్మ కూడా వెళ్ళిపోతోందని ఆ పిల్లకి భయం పట్టుకుంది.

చివరికి ఒక సాయంత్రం అమ్మ అడిగింది. "అన్నయ్యా, నీకు తెలుసు. నువ్వు చెప్పు. టాప్ మోడల్లో ఎక్కువున్నవేమిటి?"

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "అలాయ్ చక్రాలు. స్టీరింగుకి ఎర్ర దారం కుట్టు. వెనక చిన్న రెక్క. అన్నీ సోకులే."

"ఎయిర్‌బ్యాగులో?"

"ఆ ఏడు ఏ రకంలోనూ లేవమ్మా. బండి ముందు జాలీ మార్చారు చూడు, ఆ మరుసటేడు వచ్చాయి."

మేనకోడలికి "తప్పు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అవి వచ్చింది ఆ బండి కొన్నదానికి ముందేడే, టాప్ మోడల్లో. ఆయనే నేర్పాడు. మావయ్య ఆమె వైపు చూడకుండా చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు.

అమ్మ కూతురి వైపు తిరిగింది. "నిజమేనా?"

"మోడల్ విషయంలో మావయ్య ఎప్పుడైనా పొరబడ్డాడా అమ్మా?"

అమ్మ చాలాసేపు ఏడ్చింది. అయితే ఆ రోజు కాస్త తింది.

నెలలు గడిచాయి. అమ్మ మళ్ళీ లేచి తిరుగుతోంది. ఒక రోజు గేటు దగ్గర ఆ డ్రైవరే ఎదురై, మాటల్లో "మా ఓనరుగారిది కూడా మీ బండేనమ్మా, అదే ఏడు, టాప్ మోడల్. దానికి ఉన్నాయిగా ఎయిర్‌బ్యాగులు" అన్నాడు.

"మా అన్నయ్యకే మోడళ్ళు నేర్పుతావా?" నాన్న పోయాక అమ్మ అంత గట్టిగా మాట్లాడింది అప్పుడే. "అన్నయ్యా! ఇలా రా!"

మావయ్య బయటికొచ్చాడు. ఒక్క గేరు కోసం పన్ను వదులుకున్న మనిషి, డ్రైవరుని ఎగాదిగా చూశాడు. "లేవయ్యా ఆ ఏడు. మీ ఓనరు తరవాత పెట్టించుకుని ఉంటాడు."

"ఎయిర్‌బ్యాగులు బయట పెట్టిస్తారా సార్?"

"పెట్టిస్తారు!" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు మావయ్య.

"విన్నావా?" అంది అమ్మ. గెలిచినదానిలా లోపలికి వెళ్ళిపోయింది.

డ్రైవరు తల గోక్కుంటూ కదిలాడు. మావయ్య చెప్పుల్లేకుండానే వాడి వెనక పరిగెత్తి, వీధి మలుపులో పట్టుకుని, రెండు చేతులూ పుచ్చుకుని ఏదో చెప్పాడు. తిరిగొచ్చేసరికి మేనకోడలు గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఏం చెప్పావు మావయ్యా?"

"నువ్వన్నదే కరెక్టు బాబూ, కాకపోతే మా ఇంట్లో మాత్రం అవి రెండేళ్ళు ఆలస్యంగా వచ్చాయి అన్నాను."

"ఏమన్నాడు?"

"'అలాగే సార్, మా ఓనరుకీ అదే చెప్తాను, ఆయన బయటే పెట్టించుకున్నాడు' అన్నాడు."