ఎర్రనేల వైన్‌లో మంట

ఒక్క మాట. కొన్నేళ్లుగా మోస్తున్నాను. ఆ మాటను నమ్మి మా అక్క ఒక తోట వేసింది, ఇప్పుడు ఆ తోట బరువూ నా మీదే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

పొదిలి అవతల మా పొలాలు పక్కపక్కనే. నాది మిరప. అక్కది ద్రాక్ష. బావ పోయాక పొగాకు మానేసి, నల్లనేలలో ఎక్కువగా, ఎర్రనేలలో కొంత నల్లద్రాక్ష పెట్టి, షెడ్డు వేయించి, లైసెన్సు కోసం చెప్పులరిగేలా తిరిగి, రెడ్ వైన్ చేయడం నేర్చుకుంది. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత సిగ్గేసి సాయానికి వెళ్లాను.

మిరప కోతలు, ద్రాక్ష కోతలు ఒకేసారి మీద పడతాయి. ఆ ఏడాది నా కాయలు కళ్లంలో ఎండుతుండగా వాన పట్టుకుంది. తడిస్తే రంగు పోతుంది, ఎవడూ కొనడు. అక్క ఒంగోలు వెళ్లింది. షెడ్డులోకి మిరపకాయ అన్నది రాకూడదని ఆమె ఎప్పుడో గట్టిగా చెప్పింది. అయినా బస్తాలు మోసుకెళ్లాను. చోటు చాలక, ద్రాక్షరసం పులుస్తున్న డ్రమ్ముల మీద పలకలు పరిచి పేర్చాను. ఎర్రనేల ద్రాక్ష పోసిన డ్రమ్ము మీద ఒక బస్తా పిగిలింది. కాయలు పలకల సందుల్లోంచి, మూతగా కట్టిన గుడ్డతో సహా రసంలోకి జారాయి.

జల్లెడ పెట్టి దేవాను. గింజలన్నీ దొరకలేదు. వాన తగ్గగానే బస్తాలు బయటికి లాగి, షెడ్డు ఊడ్చి, గుడ్డ ఉతికి మళ్లీ కట్టాను. ఎందుకు చెప్పలేదు? తిడుతుందనే. నలభై దాటినవాణ్ణి, అక్క తిట్లకు భయపడ్డాను. అంతకు మించి కారణమేమైనా ఉందా అని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

ఆ వైన్ రుచి చూడటానికి హైదరాబాద్ నుంచి కొనేవాళ్లు వచ్చారు. గుటక దిగాక గొంతులో సన్నగా వెచ్చబడుతోందని, ఇలాంటిది ఎక్కడా తాగలేదని మురిసిపోయి ఆ డ్రమ్ముదంతా తీసుకెళ్లారు. వాళ్లు వెళ్లాక అక్క నా పక్కన కూర్చుంది.

"ఏరా, ఆ మంట ఎక్కడిదిరా? నేను కొత్తగా ఏం చేయలేదే."

"ఎర్రనేల కాయ కదక్కా."

"అంటే, నేలదంటావా?"

"నేలదే."

ఆమె ఆ చేనువైపు చూసి నవ్వింది. బావ పోయాక అలా నవ్వడం అదే మొదలు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆ నవ్వు పాడుచేయడం ఇష్టంలేక ఊరుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను, కానీ ఆ నవ్వు చూడకముందే కదా నేను అబద్ధమాడింది?

ఏడాది తిరిగేసరికి నల్లనేలలో చక్కగా కాస్తున్న తీగలు పీకించి, మొత్తం ఎర్రనేలలోనే పెట్టింది. అక్కడికి బోరు నీళ్లు సరిగ్గా ఎక్కవు. మొక్కలకు గుంతలు తీసింది నేనే.

ఏటా మొదటి గ్లాసు నాకే పోస్తుంది. ఆ రుచి నా నాలుకకు గుర్తుందని ఆమె నమ్మకం. గ్లాసు పెదవులకు ఆనించగానే నా మొహంలోకే చూస్తూ ఉంటుంది. ఆ మంట రాలేదని తల అడ్డంగా ఊపుతాను. ఏదో తన చేతి పొరపాటే అనుకుని లోపలికి వెళ్లిపోతుంది. పంట తగ్గింది. అక్క కూడా తగ్గింది.

ఈ కోతల్లో నేను గుప్పెడు మిరపకాయలు తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. డ్రమ్ము గుడ్డ విప్పాను. వేస్తే ఆమె మళ్లీ నవ్వుతుంది, ఆ నేలను ఇక జన్మలో వదలదు. గుడ్డ కట్టేసి, గుప్పిట మూసుకునే బయటికి వచ్చాను.

వైన్ తయారయ్యాక మళ్లీ గ్లాసు పోస్తుంది. అప్పటికి నాకు నోరు వస్తుందో రాదో. వచ్చినా ఆమె క్షమిస్తుందని అనుకోను. నాకు తెలిసిందల్లా, ఈ మాటను ఇంతవరకు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

అది నేలది కాదక్కా. నా మిరపకాయలది.