లోపల కడగని కారు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి సగం దూరం కూడా రాలేదు. వెనక సీట్లో ఉన్న మా తమ్ముడి కూతురు, "నాయనా, బండి నిలుపు" అంది. ఆగీ ఆగకముందే తలుపు తెరిచింది. ఏడు నెలల గర్భిణి. సీమంతం గాజుల చేత్తో పొట్ట పట్టుకుని, పత్తిచేని గట్టు మీద కూర్చుని వాంతి చేసుకుంది. మా మరదలు వీపు నిమిరి నీళ్లు తాగించింది. కొంచెం తేరుకున్నాక ఆ పిల్ల కారు వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"నేనింక ఎక్కను నాయనా. మన గోడౌన్లో కూకోబెట్టినట్టుండాది. కడుపులో బిడ్డుండాది."

స్టీరింగ్ ముందున్న తమ్ముడికి అర్థం కాలేదు. ముందు రోజే కడిగించిన కారు.

వాడికి ఆదోనిలో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. కిందటి పత్తి సీజన్లో ఆస్పరి వైపు రైతులకు మందు తీసుకెళ్తుంటే డిక్కీలో ఒక డబ్బా మూత వదులై కారింది. గోనెపట్టాతో తుడిచి వదిలేశాడు. వాసన వస్తోందని ఇంట్లో అందరం అన్నాం. ఇన్నేళ్లుగా ఆ మందుల మధ్యే కూర్చున్నవాడికి మాత్రం తెలిసేది కాదు. "బావా, మీ తమ్ముని ముక్కు అద్దాలు మోసేదానికే పనికొస్తాది" అని మరదలు వాడి ముందే నాతో అనేది. వాడూ నవ్వేవాడు.

కూతుర్ని ఆ కారులోనే పుట్టింటికి తేవాలి కాబట్టి, సీమంతం ముందు శుభ్రం చేయిద్దామని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. మొదట, కార్లను లోపలా బయటా విప్పి శుభ్రం చేసే, కొత్తగా తెరిచిన డీటెయిలింగ్ షాపుకు వెళ్లాం. అక్కడి యజమాని డిక్కీ తెరిచి వంగి, వెంటనే వెనక్కి జరిగాడు.

"పైన మెరుగు పెట్టేది వేరే పనన్నా. దీనికి సీట్లు, కార్పెట్ అంతా ఇప్పల్ల. కిందుండే పట్టా మందు తాగిందంటే అదీ మార్చల్ల. బండి కొన్ని దినాలు ఈడ్నే ఉండల్ల."

అంత చేసినా వాసన పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఊపులోనే పైన రంగు మెరవడానికి సెరామిక్ కోటింగ్ కూడా వేయించుకోమన్నాడు. దాంతో అతను చెప్పిందంతా తమ్ముడికి బేరంలాగే వినిపించింది. పైగా సీమంతం మర్నాడే. ఈసారికి ఇంకో కారు బాడుగకు మాట్లాడదామన్నాను.

"ఆడబిడ్డను పిల్సుకొచ్చేదానికి బాడుగ బండిలో పోతే వియ్యంకులు ఏమనుకుంటారన్నా" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా వాటర్ వాష్ షెడ్డుకు పోనిచ్చాడు. నురగతో కడిగి, బానెట్‌కు పాలిష్ పట్టి, లోపల దుమ్ము లాగి, డాష్‌బోర్డు మీద మల్లెపూల సెంటు పెట్టారు. వియ్యంకుల వాకిట్లో నిలిపితే పక్కింటివాళ్లు కొత్త కారా అని అడిగారు. వెళ్లేటప్పుడు పొద్దుటి చల్లదనానికి అద్దాలు దించుకున్నాం కాబట్టి మాకేమీ తెలియలేదు. తిరిగొచ్చేటప్పుడు ఎండకు కాగిన కారులో, పిల్లకు వేడి తగలకూడదని అద్దాలు బిగించి ఏసీ వేశాడు. కాసేపటికే మల్లెల కింద నుంచి మందు ఘాటు లేచింది.

తల్లీకూతుళ్లు ఆటోలో ఆదోని చేరారు. వాళ్ల వెనకే కారులో మేమిద్దరం. దారిలో వాడు అడిగింది ఒక్కటే. "నిజంగా అంత వస్తాందా అన్నా?" వస్తోందన్నాను.

మర్నాడే కారును డీటెయిలింగ్ షాపులో వదిలాడు. కార్పెట్ కింది పట్టా మందుకు తడిసి, ఎండి, అట్టకట్టి ఉందట. దాన్ని తీసేసి కొత్తది వేశారు. సీట్లు విప్పి కడిగి ఎండబెట్టారు. కారు ఇంటికొచ్చినప్పటి నుంచి తమ్ముడు వచ్చిపోయేవాళ్లందర్నీ అందులో కూర్చోబెట్టి అడుగుతున్నాడు. కొందరు పోయిందంటారు, కొందరు ఇంకా ఉందంటారు. కూతురు మాత్రం దాని దగ్గరికి వెళ్లదు.

డాక్టరమ్మ స్కానింగ్ చూసి, ప్రస్తుతానికి బిడ్డ బాగానే ఉందని చెప్పింది. ఆ గాలి పీల్చినందుకు ముందు ముందు ఏమైనా అవుతుందా అని తమ్ముడు అడిగితే, ఇప్పుడే చెప్పలేనంది. కాన్పు కష్టమైతే కర్నూలు తీసుకెళ్లాల్సి ఉంటుందని కూడా చెప్పింది. ఏ బండిలో అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.