గోరీ బెండు

కొడకండ్ల పక్క బావుల్లో ఈత నేర్పి పిల్లల్ని పోటీలకు తీసుకెళ్లే యాకయ్యకు నోరు దురుసు, మనసు మెత్తన. కొత్త పిల్ల నడుముకు బెండు కట్టి నీళ్లలోకి దించుతాడు. ఈత వచ్చిన రోజు తన చేత్తోనే ముడి విప్పి, "పో బిడ్డా, ఇగ నీ ఈత నీదే" అంటాడు. ఆ మాట అనకుండా ఒకరి బెండు ఇంకొకరికి కట్టకూడదని ఆయనకు ఈత నేర్పిన పెద్దాయన పెట్టిన కట్టుబాటు. యాకయ్య దాన్ని ఒక్కసారే మీరాడు.

తండా పిల్ల గోరీ బెండుతోనే పెద్దపిల్లల్ని దాటేది. ఒకటే లోపం, అవతలి గోడ తాకకుండానే వెనక్కి మళ్లేది. "అరచెయ్యి తాకకుంటే పోటీల నువ్వు ఈదనట్టే!" అని యాకయ్య గొంతు చించుకునేవాడు. ముడి విప్పే రోజు రాకముందే జ్వరమొచ్చి ఆ పిల్ల పోయింది. మోటరు గదిలో వేలాడుతున్న ఆమె బెండును, మరుసటి వేసవి హడావుడిలో, కొత్తగా ఈతకొచ్చిన మౌనికకు కట్టేశాడు.

ఇప్పుడు మౌనిక రాష్ట్రపోటీలకు హైదరాబాద్ పోవాలి. బెండు విప్పి ఎన్నాళ్లో అయింది.

"సారూ, పొట్టకింద చెయ్యి తియ్యకు, మంచిగున్నది" అంది ఒక పొద్దున, బావి నడుమ నుంచి.

యాకయ్య మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. "నేను ఒడ్డుకే ఉన్న గద బిడ్డా."

"మరి గీ చిన్న చెయ్యి ఎవలిది?"

ఆ రాత్రి ఆయనకు కునుకు లేదు. హైదరాబాద్ కొలనులో ఆ చెయ్యి ఉండదు, పిల్ల మునుగుతుంది. ఇక్కడే ఉంటే ఆ చెయ్యి పిల్లను వదలదేమో. రెండూ భయమే.

తెల్లారి మౌనికను ఈదమని, తాను కింది మెట్టు మీద కూర్చుని, గోరీ ఖాళీ బెండుకు ముడేసి నీళ్లమీద పెట్టాడు. తేలాల్సిన బెండు, ఎవరో దాన్ని నడుముకు కట్టుకున్నట్టు సగం మునిగింది. యాకయ్య ముడి విప్పాడు.

"పో గోరీ. ఇగ నీ ఈత నీదే."

బెండు టక్కున పైకి తేలింది. అదే క్షణంలో నడిబావిలో మౌనిక బుడుంగున మునిగింది. యాకయ్య దూకబోయేంతలో తల పైకొచ్చింది. చేతులు కొట్టుకుంటూ, నీళ్లు మింగుతూ, తనంతట తానే ఈది మెట్టెక్కింది.

"సారూ, ఎవలూ పట్టుకోలే" అంది రొప్పుతూ.

బావిలో ఇంక ఎవరూ లేరు. అయినా నీళ్ల మీద ఒక గీత సాగిపోయింది. అవతలి గోడకు తడి అరచెయ్యి తాకిన చప్పుడు.

"తాకినవ్ బిడ్డా" అన్నాడు యాకయ్య, ఏడుస్తూ.