విండోసా, లినక్సా

కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లలో విండోస్ గొప్పదా, లినక్స్ గొప్పదా అని ఎవరైనా మొదలుపెడితే నేనిప్పుడు అక్కణ్ణుంచి లేచిపోతాను. ఒకసారి అరియాంకుప్పం నుంచి పుదుచ్చేరి వచ్చే బస్సులో నేనూ నా ఆఫీసు మిత్రుడూ అదే వాదనలో ఉన్నాం. ముందు సీట్లో ఉన్నావిడ వెనక్కి తిరిగింది. ఏదో ఆఫీసు కౌంటర్లో ఉద్యోగమట.

“మాకు రెండూ ఉండాయి తంబీ. ఒగటి పని మధ్యలో అప్‌డేట్ అని నిలిచిపోతాది. ఇంకోటి నిలవదు, కానీ ప్రింటర్ పలకదు. తప్పు యాడుండినా తిట్లు నాకే. నిన్న క్యూలో ఒకాయన నా చేతిమీద ఉమ్మేసినాడు.”

నేను ఆవిడ చేతివైపు చూశాను. మావాడు మాత్రం ఆత్రంగా ముందుకు వంగాడు.

“అప్పుడు ఏది నడుస్తోంది మేడం, విండోసా, లినక్సా?”

ఆవిడ ఆ చేతిని కొంగుకు తుడుచుకుని కిటికీవైపు తిరిగింది.