బెల్టు మీద పళ్ల గుర్తులు

ముందే ఒప్పుకుంటాను. ఆ ఆర్డరు పుట్టింది నా నోటిదూల వల్లే.

యాంగోన్‌లో ఓ సైనిక ఆసుపత్రిలో డ్యూటీకి చేరాను. ఉదయం ఆరు గంటలు, జోరు వాన. తడిసిన బూట్లు, ఒక దుప్పటి. ఊరంతా తిరుగుబాటు. విమానాలు ఆగిపోయాయి, వాటితోపాటు మందులూ. మత్తిచ్చే డాక్టరమ్మ వెన్నులో సూది గుచ్చుతుంటే రోగిని వంచి పట్టుకోవడం నా పని. వెన్నుపోటుకు జీతం పుచ్చుకున్న సిపాయిని నేనొక్కణ్ణే అనుకుంటాను.

రెండో రోజు స్టోర్ల కెప్టెన్ ఓ చిన్న పెట్టె చూపించి ఇదేమిటన్నాడు. అధికారిని మేం ‘బో’ అని పిలుస్తాం. నాకు తెలివి ప్రదర్శించాలనిపించింది.

"మార్ఫిన్, బో. మత్తుమందులో చీమ కన్నీరంత కలిపితే చాలు, ఎముక కోసినా మర్నాటిదాకా పెద్దగా నొప్పి తెలీదు. కలపకపోతే మూడు గంటల్లో మత్తు దిగి, రోగి మన వంశాన్నంతా తలుచుకుంటాడు."

సాయంత్రానికి పెట్టెకు తాళం పడింది. గోడకు ఆర్డరు ఎక్కింది: మేజర్లకు, ఆపై వారికి మాత్రమే.

మర్నాడు మా రేడియో ఆపరేటర్‌ని తెచ్చారు. అహ్లోన్ రేవు కూలీల మనవడు, మన తెలుగువాడు. తాకేటా దారిలో లారీ బోల్తాపడి తొడ ఎముక విరిగింది. చుక్క మందు కోసం కెప్టెన్ దగ్గరికి పరిగెత్తాను.

"సిపాయే కదా. ఓర్చుకుంటాడు," అన్నాడు.

తొమ్మిదింటికి ఆపరేషన్. పన్నెండుకు మత్తు దిగింది.

"ఏటి బావా, మందేసినావా, నీళ్లేసినావా?"

"మందేరా. ఓ సుక్క తగ్గినాది."

"ఆ సుక్క ఎవుడు తాగేసినాడు?"

నా బెల్టు విప్పి వాడి పళ్ల మధ్య పెట్టాను. సాయంత్రం ఐదింటిదాకా కరిచాడు. ఒక చేత్తో జారే ప్యాంటునూ, ఇంకో చేత్తో వాడినీ పట్టుకున్నాను.

పదకొండు రోజులకు కెప్టెన్ స్టోరు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బల్ల మీంచి తాళంచెవి అందించాడు. "కలుపు."

గోడ మీది ఆర్డరు ఊడబీకి తెచ్చి, సంతకంతో సహా చదివాను. "మీరు కెప్టెనే, బో. మేజరుకి ఓ మెట్టు కింద."

"నా ఆర్డరే కదా, మారుస్తాను!"

"సిపాయి మొదలు అందరికీ అని రాయండి."

"వాళ్లకి పంచితే పెద్దవాళ్లకేం మిగుల్తుంది?" కలం నా మీదికి విసిరాడు.

"అయితే ఆర్డరు ప్రకారమే," అంది డాక్టరమ్మ, సూది తీస్తూ.

పన్నెండూ ఇరవైకి మత్తు దిగి, ఆయన అరుపు స్టోరుదాకా వినిపించింది. బెల్టు అందించాను. "సిపాయిది, బో. ఓర్పు ఇందులోనే ఉంది." కరిచాడు. ఒంటిగంటకు కలం అడిగాడు. కలం దొరికాక అందరికీ అని రాశాడు. డాక్టరమ్మ వెంటనే నొప్పికి ఇంజెక్షన్ చేసింది.

పజుండౌంగ్‌లో మా ఇంటికి తిరిగొచ్చాక బెల్టును మేకుకు తగిలించాను. ఇద్దరి పళ్ల గుర్తులూ పక్కపక్కనే. "ఏటండీ ఇది, కుక్క కొరికినాదా?" అంటుంది మా ఆవిడ. కథంతా ఆమెకు చెప్పాను, ఒక్కటి తప్ప. ఆ రోజు కలం వెతకడానికి నాకు పావుగంట పట్టింది. అది అంతసేపూ నా చెవి మీదే ఉంది.