కింది వరస నుంచి

మా ధర్మవరంలో కుళ్లాయప్పన్న పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. గ్రాఫు కాయితం మీద ఆయన గీసిన పువ్వును చూసే మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలు కొడతారు. ఆ వీధి మొగలోనే నా డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, అర్జీలు టైపు చేసుకునే నా దగ్గరికి లెక్కలు తెచ్చి ప్రాణం తీసింది ఈయనొక్కడే.

చీరంతా బుటాలు, అంటే చిన్న చిన్న పువ్వులు, చల్లేటప్పుడు ఒక్కో వరసకు బుటాను గ్రాఫులో కొన్ని గళ్లు పక్కకు జరుపుతారు. ఎన్ని గళ్లు జరిపితే ఏ నిలువు వరసా ఖాళీ పడదో పనిలో ఉన్న అందరికీ తెలుసు. ఎందుకు పడదో మాత్రం ఎవరూ అడగరు. ఈయన అడిగాడు. చదివింది పదో తరగతే అయినా ఏళ్ల తరబడి కిందా మీదా పడి నిరూపణ రాశాడు. నేను టైపు చేసి ఒక పెద్ద విదేశీ పత్రికకు పంపాను. జవాబే లేదు.

హిందూపురంలో లెక్కలు చెప్పి రిటైరైన చంద్రమోహన్ సారు దగ్గరికి పొమ్మన్నది నేనే. బస్సులో పక్కసీటాయనకు బుటాల లెక్క మొదలుపెడితే, ఆయన పెనుకొండలో దిగి ఇంకో బస్సెక్కాడట. సారు మాత్రం ఓపిగ్గా కూచుని అంతా నోటిమాటగా విన్నాడు.

"ఏమప్పా, ఫలితం పాతదే. నువ్వు పోయిన దారి కొత్తది. ఆ మాట మొదట్లోనే రాయి. మూడు పేజీలు తీసేసి ఒక పట్టిక వెయ్యి. కాలేజీ పిల్లలు చదివే గణిత పత్రికలుంటాయి, వాటికి పంపు" అన్నాడట.

కుళ్లాయప్పన్న పట్టిక గీశాడు. గీసింది గీసినట్టే టైపు చేసి, సారు చెప్పినట్టాంటి పత్రిక ఒకదానికి పంపాను.

"ఈసారి గూడా కాదంటే ఇంక లెక్కల జోలికి పోనుమ్మా. ఇంట్లో మాటిచ్చినా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు మనసు చివుక్కుమంది.

మర్యాదగానే జవాబొచ్చింది. ఇంగ్లీషు మెయిలు నేనే తెలుగులో చదివి చెప్పాను. పట్టిక మొదటి వరసలోనే ముగింపును వాడుకున్నారు, దాన్ని ఎక్కడా నిరూపించలేదు, సరిచేస్తే తప్ప వెయ్యలేం అని రాశారు.

కుళ్లాయప్పన్న స్టూలు మీద కూలబడ్డాడు. "పోనీలేమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"పోనీలే ఏంది? యాడ తప్పుండాదో నాకు చూపించి పో."

ఆయన వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. వేలు పట్టికలో అట్టడుగున ఆనింది. అక్కడి నుంచి ఒక్కో వరసా పైకి ఎక్కింది.

"అన్నా, మొదటి వరస యాది?"

"కిందిదే గదమ్మా. నేత యాడ మొదలవుతాది?"

మగ్గం మీద నేత కింది వరసతో మొదలవుతుంది కాబట్టి మా వీధిలో గ్రాఫును కింది నుంచే చదువుతారు. నేనూ మగ్గమున్న ఇంట్లో పుట్టినదాన్నే. టైపు చేసేటప్పుడు నాకూ అనుమానం రాలేదు. పాపం ఆ పత్రికవాళ్లు పైనుంచి చదివారు. వాళ్లకు ముగింపే మొదట కనబడింది.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "లెక్క తప్పు కాదన్నా. వాళ్లు తలకిందులుగా చదివినారు."

"అంటే సరిపోయినట్టేనా?"

"సరిపోయింది."

ఆయన తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

పట్టికను కింది నుంచి చదవాలని చెప్పి, తిప్పి పంపమంటారా అని పత్రికవాళ్లకు రాశాను. తిప్పొద్దు, అట్లే వేస్తామన్నారు. పత్రిక వచ్చిన రోజు ఆయన తన పేరైనా చూసుకోలేదు. పట్టిక కింద వేసిన వాక్యాన్ని రెండోసారి చదివించుకున్నాడు: "మగ్గం మీద నేసినట్టు, దీన్ని కింది వరస నుంచి పైకి చదవాలి."

"ఇప్పుడు వాళ్లూ మన పక్కన కూచొని చూసినట్టుండాది" అన్నాడు.

"సరే, ఇంటికి తీసకపోయి చూపించు."

ఆయన కదల్లేదు. జేబులోంచి మడతపెట్టిన గ్రాఫు కాయితం తీశాడు. "దీన్ని గూడా టైపు చెయ్యాల్నమ్మా. ఇది చీర అంచు లెక్క."

కసరబోయి, స్టూలు ముందుకు జరిపి కూచోమన్నాను.